మానుకోట ముక్క

జనగామ,
ఆదివారం, 4 ఆగస్టు 2024

వినీత బిడ్డకు,

ఈ ఉత్తరం చూసి కంగారు పడకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. మార్చిలో పెద్దమనుషులు మీ విడాకుల మాట తెంపినప్పుడు, ఇకమీదట రెండు ఇళ్ల మధ్య ఫోన్లు ఉండొద్దన్నారు. నేను సరేనని తలూపాను. అందుకే నీ నంబరు ఉన్నా చేయలేదు. ఉత్తరాల మాట మాత్రం ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. ముప్పై నాలుగేళ్లు ఇదే జనగామ స్టేషన్‌లో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసినవాడిని. ఇచ్చిన మాట దాటను, ఇవ్వని మాట నెత్తిన వేసుకోను.

నీకూ మా అబ్బాయి రవితేజకూ ఆరేళ్లలో ఎక్కడ చెడిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. అడిగే వయసు కాదు, అడిగితే చెప్పే సంగతీ కాదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ ఆరేళ్లూ ఆదివారం మధ్యాహ్నాలు మనిద్దరం వెనక గదిలో బొమ్మ రైలు బల్ల మీద వంగి కూర్చునేవాళ్లం. నేను చెక్క, రేకు పని చేసేవాడిని. నువ్వు ఫిజిక్స్ టీచరువు కాబట్టి వైర్లన్నీ నీ చేతిలో ఉండేవి. ఇప్పుడు నేనొక్కడినే కూర్చుంటున్నాను.

మన రైలు బొమ్మల వాళ్ల వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం సాయంత్రం అందరూ ఆ వారం పని ఫోటోలు పెడుతూనే ఉన్నారు. నీ పేరు దగ్గర 'వెళ్లిపోయారు' అని ఉంది. అందుకని నీ వరకు నేనే రాస్తున్నాను.

ఈ వారం బల్ల మీది నా జనగామ స్టేషన్ ముక్కలో రెండో ప్లాట్‌ఫాం కప్పు అయిపోయింది. నెయ్యి డబ్బా రేకు కత్తిరించి, ఎండిపోయిన పెన్నుతో గీతలు నొక్కితే అచ్చం స్టేషన్ రేకుల్లాగే వచ్చింది. పట్టాల పక్కన కంకర కూడా పోశాను. క్రషర్ నుంచి తెచ్చిన రాతిపొడిని చాయ జాలీతో జల్లించి, ఫెవికాల్ నీళ్లు చుక్కలు చుక్కలుగా వేశాను. అంతా బాగుంది కానీ, బండి జనగామ దాటి మీ ఊరు మహబూబాబాద్ పాత పేరున నువ్వు చేసిన మానుకోట ముక్కలోకి పోయేచోట ఆగిపోతోంది. వేలితో తోస్తే పోతుంది. ఎందుకో నువ్వే చెప్పాలి.

ఉంటాను. భూపాలపల్లిలో నీళ్లు పడుతున్నాయా?

సుదర్శన్

భూపాలపల్లి,
18 ఆగస్టు 2024

సుదర్శన్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం స్కూలు ఆఫీసులో నా పేరున ఉందంటే ఏదో నోటీసు అనుకుని రెండు రోజులు తీసుకోలేదు. క్షమించండి.

బండి ఆగడానికి కారణం మీరు పోసిన కంకరే. ఫెవికాల్ నీళ్లు రెండు పట్టాలు కలిసే అతుకులోకి దిగి ఎండిపోయి ఉంటాయి. అక్కడ కరెంటు దాటడం లేదు. బ్లేడుతో అతుకు గీకి, అటు పట్టాకూ ఇటు పట్టాకూ అడుగు నుంచి వెంట్రుకంత రాగి వైరు టంకం పెట్టండి. ఎడమ పట్టాకు వేరు, కుడి పట్టాకు వేరు. రెండూ కలవకూడదు.

గురుకులం క్వార్టరులో నాకు ఒక గది, అందులో ఒక కిటికీ. బొగ్గు లారీలు పోయే రోడ్డు దగ్గరే కాబట్టి కిటికీ చెక్క మీద పొద్దుటికల్లా నల్లటి దుమ్ము పేరుకుంటుంది. పక్క గదిలో జమున అని తెలుగు టీచరు ఉంటుంది. వాళ్లది మరిపెడ దగ్గర తండా. మొన్న ఒక చిన్న పలక మీద పట్టా ముక్క బిగిస్తుంటే చూసి, "గీ ఊరికి రైలే లేదు గదా, నువ్వు ఏ స్టేషన్ కడ్తున్నవ్?" అని అడిగింది. భూపాలపల్లి స్టేషన్ అన్నాను. నవ్వుతుందనుకున్నాను. "అయితే మా తండాకు గూడ ఒక స్టేషన్ పెట్టు" అంది.

గ్రూపులోంచి బయటికి వచ్చింది ఎవరి మీదా కోపంతో కాదు. ఏమైందని అడుగుతారని భయపడ్డాను.

అందరినీ అడిగినట్లు చెప్పండి.

వినీత

జనగామ,
8 సెప్టెంబర్ 2024

వినీత బిడ్డకు,

నీ ఉత్తరం అందింది. 'సుదర్శన్ గారికి' అని చూసి, నాకే రాశావా అని కవరు మీద అడ్రసు మరోసారి చదువుకున్నాను. సరే. కాగితం మీద నీకు ఎలా తోస్తే అలా రాయి.

మొన్నటి వానలకు కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన సంగతి నువ్వూ టీవీలో చూసి ఉంటావు. పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో వేలాడుతుంటే చూడలేకపోయాను. మూడు రోజులు జనగామలో రైలు కూత సరిగా వినపడలేదు. రిటైరైనా పొద్దున్నే లేచి స్టేషన్‌కు పోయి, ఖాళీ ప్లాట్‌ఫాం మీద కాసేపు కూర్చుని వచ్చాను. డ్యూటీలో ఉన్న పిల్లవాడు "నీకేం పని పెద్దాయనా, పోయి పండుకో" అన్నాడు. అలా పోయి పడుకునేవాళ్లకు ఈ సంగతి అర్థం కాదు.

నువ్వు చెప్పినట్లే అతుకు గీకి వైరు వేశాను. మొదటిసారి రెండు వైర్లూ ఒకటైపోయాయి, కరెంటు డబ్బా గుయ్ మంది. రెండోసారి కుదిరింది. బండి మానుకోట దాకా ఆగకుండా పోయింది. చూసేవాళ్లు ఎవరూ లేరు. గ్రూపులో వీడియో పెడితే మహబూబాబాద్ లక్ష్మీకాంత్ ఒక్కడే చప్పట్ల బొమ్మ పెట్టాడు. పెయింట్ల దుకాణంలో ఆదివారం బేరం తక్కువనుకుంటా, మొదట చూసేది అతనే.

మీ అత్త నీ పేరు ఎత్తదు. నేను ఎత్తినా లేచి వంటింట్లోకి పోతుంది. నేనూ మానేశాను.

మోకాలు నొప్పి అట్లే ఉంది.

సుదర్శన్

భూపాలపల్లి,
29 సెప్టెంబర్ 2024

మామయ్యకు,

నన్ను మన్నించండి. ఆ రోజు ఉత్తరం మీద ముందు మామయ్య అనే రాశాను. రాశాక, ఆ మాట ఇంకా నాదేనా అని సందేహం వచ్చింది. కోర్టు కాగితాల్లో మీరు నాకు ఏమీ కారు. అందుకని ఇంకో కాగితం తీసుకున్నాను. మీ ఉత్తరం చూశాక జమునకు చెప్పాను. వాళ్ల లంబాడీ భాషకు లిపి లేకపోవడంతో అమ్మకు ఏనాడూ ఉత్తరం రాయలేకపోయానని తను బాధపడుతుంటుంది. "పిలిస్తే పలికే మనిషి ఉన్నంక గీ ఆలోచనేంది నీకు?" అని కోప్పడింది. కాబట్టి ఇకనుంచి మామయ్యే.

అత్తమ్మ నా పేరు ఎత్తకపోవడం న్యాయమే. ఆమె కోపం ఆమెది. నేను వచ్చేసిన రోజు ఆమె గుమ్మం దాకా కూడా రాలేదు. నేను ఆ ఇంటికి ఏమీ ఇవ్వలేకపోయాననే ఆమె బాధ అనుకుంటాను. ఆ సంగతి మళ్లీ రాయకండి మామయ్యా. చదివిన రోజు క్లాసులో పాఠం మధ్యలో ఆగిపోయాను.

ఈ రెండు ఆదివారాలూ సిగ్నళ్లు చేశాను. సైకిల్ చక్రం పుల్ల కోసి స్తంభాలు చేసి, ఆవగింజంత ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం పెట్టాను. నాలుగు పంపుతున్నాను. రెండు జనగామకు, రెండు మానుకోటకు. పొడుగు వైరు ప్లస్. పొరపాటున తిప్పి పెడితే దీపం మాడిపోదు కానీ వెలగదు, అంతే.

ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పిల్లలంతా హాస్టల్ వరండాలో తలలు దువ్వుకుంటుంటారు. నాకు ఆ వేళకు ఏమీ తోచదు. మీరు చాయలో బిస్కెట్ ముంచుకుని, అది విరిగి పడి, ఆ చేత్తోనే పట్టా ముట్టుకునే వేళ అది. ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఇప్పుడు ఇక్కడ నా పట్టాలు చాలా శుభ్రంగా ఉన్నాయి.

మోకాలికి డాక్టరుకు చూపించుకోండి.

మీ
వినీత

జనగామ,
20 అక్టోబర్ 2024

వినీత బిడ్డకు,

నాలుగు సిగ్నళ్లూ భద్రంగా అందాయి. పెట్టడానికి తీరిక దొరకలేదు.

ఒక సంగతి రాయాలి. వెనక గది ఖాళీ చేయాల్సి వస్తోంది. ఇంట్లో ఆ గది అవసరం పడింది. బల్ల తీయక తప్పేట్టు లేదు. జనగామ ముక్కను నేను ఎక్కడో ఒకచోట సర్దుకుంటాను. మానుకోట ముక్క ఏం చేయాలో తోచడం లేదు. ఆలోచించి రాయి.

ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం. సామానంతా వాకిట్లో ఉంది. ఎక్కువ రాయలేను.

సుదర్శన్

భూపాలపల్లి,
27 అక్టోబర్ 2024

మామయ్యకు,

మీ ఉత్తరం చదివాను. ఇంట్లో అవసరం పడితే తీయాల్సిందే. అంతకుముందు అంత పెద్ద ఉత్తరాలు రాసి, దీన్ని ఎనిమిది వరుసల్లో రాశారంటే మీ మీద ఎంత ఒత్తిడి ఉందో అర్థమైంది. నా ఉత్తరాలు ఎవరికైనా ఇబ్బంది అయితే చెప్పండి, మానేస్తాను.

మానుకోట ముక్క అడ్డమైతే పంపేయండి. ఆర్టీసీ కార్గోలో వేస్తే ఇక్కడి బస్టాండులో తీసుకుంటాను. పంపడం కష్టమైతే పారేయండి. ఫర్వాలేదు.

ఉంటాను.

వినీత

మహబూబాబాద్,
5 జనవరి 2025

మామయ్యకు,

రెండు నెలలుగా మీకు రాయలేదు. మీరూ రాయలేదు. నవంబరులో పార్సిల్ వచ్చింది. పాత దుప్పటి చుట్టి, సుతిలితో చాలా జాగ్రత్తగా కట్టారు. మానుకోట సిగ్నళ్లు రెండూ దాని మీద నిలబెట్టే పంపారు, ఒక్కటి కూడా వంగలేదు. నేను దుప్పటి మడతల్లో వెతికాను, పలక అడుగున వెతికాను, స్టేషన్ కప్పు లేపి కూడా చూశాను. చీటీ ముక్క లేదు. ఇక అయిపోయిందనుకున్నాను. ముక్కను దుప్పటితో సహా మంచం కిందికి తోసేశాను.

సెలవులకు అమ్మ దగ్గరికి వచ్చాను. నిన్న మెయిన్ రోడ్డులో నడుస్తుంటే లక్ష్మీకాంత్ గారు దుకాణంలోంచి పిలిచారు. పిలిచాక ఏం మాట్లాడాలో తెలియక, పెయింటు డబ్బాలు అటు ఇటు జరుపుతూ నిలబడ్డారు. చివరికి, "పెండ్లికి మా అందరికి చెప్పిండు అమ్మా. పోయినం. సుదర్శనన్న మాత్రం మనిషి మనిషిలెక్క లేడు. బువ్వ గూడ మాతోని తినలే" అన్నారు.

ఎవరి పెళ్లి అని అడిగాను. ఆయన ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది.

రవితేజ మళ్లీ పెళ్లి చేసుకుంటే నేను బాధపడతాననుకున్నారా? కొంచెం పడ్డాను. అబద్ధం రాయను. ఇంటికి వచ్చి అమ్మకు తలనొప్పి అని చెప్పి పడుకున్నాను. కానీ అది నేను మోయగలిగిన బాధే. మీరు నన్ను వద్దనుకున్నారనే మాటను మాత్రం ఈ రెండు నెలలూ మోయలేకపోయాను. ఆ గది కొత్త కోడలి కోసమని ఒక్క ముక్క రాసి ఉంటే, మీకు సున్నం పనికి ఏ రంగు బాగుంటుందో కూడా చెప్పేదాన్ని.

నేను తప్పుగా అనుకున్నానని మీరు రాస్తే నమ్ముతాను.

వినీత

జనగామ,
19 జనవరి 2025

వినీత బిడ్డకు,

తప్పుగా అనుకున్నది నువ్వొక్కదానివే కాదు.

నువ్వు 'పంపేయండి' అని రాసిన ఉత్తరం చదివినప్పుడు, నీ సామాను డీసీఎం వ్యానులో ఎక్కించిన రోజు కళ్ల ముందు మెదిలింది. బీరువా, మంచం, బిందెలు, ఒక్కొక్కటి పేరు చదివి ఎక్కించారు. ఆ రోజు నువ్వు మానుకోట ముక్క అడగలేదు. అడగనందుకు ఎంత సంతోషపడ్డానో ఎవరికీ చెప్పలేదు. అది ఇక్కడుంటే నువ్వు కొంత ఇక్కడున్నట్లే అనిపించేది. ఇప్పుడు అదీ అడుగుతోంది, లెక్క పూర్తిగా తెంపుకుంటోంది అనుకున్నాను. నీకు వేరే సంబంధం కుదిరిందేమో, పాత వస్తువులు పాత ఇంట్లో ఉండకూడదనుకుంటోందేమో అని కూడా అనుకున్నాను. రెండు పలకలనూ కలిపిన బోల్టులు విప్పి, నువ్వు చెప్పి వేయించిన రాగి వైర్లు నా చేత్తోనే తెంపాను. చీటీ రాయడానికి కూర్చున్నాను. ఏమి రాసినా ఉండిపొమ్మన్నట్లే వచ్చింది. రాయకుండానే కట్టేశాను.

పెళ్లి సంగతి దాచింది నీ మీద జాలితో కాదు. రాయడానికి నాకే సిగ్గయింది. ఒక బిడ్డను పంపించి ఏడాది తిరగకముందే ఇంకో బిడ్డను తెచ్చుకుంటున్నామని నీకు ఏ నోటితో చెప్పను? పిల్ల పేరు సంగీత. తరిగొప్పుల వాళ్లు. మంచి పిల్ల, నెమ్మది మనిషి. ఆమె తప్పు ఏమీ లేదు.

ఇంకో మాట కూడా దాచకుండా రాస్తాను. పెళ్లికి ముందు రవితేజ నన్ను పక్కకు పిలిచి, "నాయినా, నువ్వు ఆమెను కలుస్తనే ఉంటే వచ్చే పిల్ల ఏమనుకుంటది? ఉత్తరాలు రాసుకో, నేనేమనను. కలువకు. నాకు మాటియ్యి" అన్నాడు. వాడికి ఉత్తరాల సంగతి తెలుసని నాకు అప్పుడే తెలిసింది. మాటిచ్చాను. వాడు అడిగినదాంట్లో అన్యాయం లేదు బిడ్డా. కానీ ఆ రోజు నుంచి నాకు ఏ పనీ పట్టడం లేదు. జనగామ ముక్క తలుపు వెనక నిలబెట్టి ఉంది.

లక్ష్మీకాంత్ మొన్న ఫోన్ చేసి, నీకు నోరు జారి చెప్పేశానని చాలా బాధపడ్డాడు. అతని దుకాణం పైన సరుకు పెట్టే గది ఒకటి ఖాళీగా ఉందట. "రెండు ముక్కలు ఆడ పెట్టుకోండ్రి అన్నా. తాళం నా దగ్గర ఉంటది, ఎవ్వలకు వీలైనప్పుడు వాళ్లు రాండ్రి" అన్నాడు. నువ్వు నెలకోసారి రెండో ఆదివారం అమ్మ దగ్గరికి వస్తావట కదా. నేను శనివారాలు పొద్దుటి బండికి పోయి సాయంత్రం బండికి తిరిగొస్తాను. నా మాట నాకు నిలుస్తుంది, పని కూడా సాగుతుంది. నీకు ఇష్టమైతేనే.

మామయ్య

మహబూబాబాద్,
9 ఫిబ్రవరి 2025

మామయ్యకు,

మానుకోట ముక్కను జమునా నేనూ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. హన్మకొండలో బస్సు మారేటప్పుడు ఒకామె "ఏందమ్మా గది, ఇంటి నమూనానా?" అని అడిగింది. జమున "కాదు, వీళ్ల ఊరు" అంది.

మెట్లెక్కి తాళం తీసేసరికి జనగామ ముక్క బల్ల మీద ఉంది. మీరు నిన్ననే వచ్చారు. కంకర మీద జిగురు ఇంకా పచ్చిగానే ఉంది, వేలికి అంటింది. కిటికీలో చాయ గ్లాసు, అడుగున మెత్తబడిన బిస్కెట్ ముక్క. కుర్చీ మీద మెత్తగా మడిచిన గోనెసంచి. మీరు దిగిన మెట్లే నేను ఎక్కాను, మధ్యలో ఒక్క రాత్రే తేడా. కాసేపు ఆ కుర్చీలో కూర్చోలేక నిలబడే ఉన్నాను.

తర్వాత పని చేశాను. రెండు ముక్కలనూ బోల్టులతో బిగించి, తెగిన వైర్లకు కొత్తవి వేశాను. సిగ్నళ్లన్నీ వెలుగుతున్నాయి. మీరు మానుకోట ఎర్ర దీపం తిప్పి పెట్టారు, సరిచేశాను. బండి నడిపాను. అతుకు దగ్గర కొంచెం కూడా తడబడలేదు. ఆగి ఉంటే బాగుండునని అనిపించింది. ఏ వైరు ఎక్కడ తప్పిందని మీరూ నేనూ ఒక పూటంతా కొట్లాడుకునేవాళ్లం.

రవితేజకు మీరిచ్చిన మాట దాటమని నేను అడగను. ఈ ఏర్పాటు చాలు. చాలని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇది బస్టాండులో భూపాలపల్లి బస్సు కోసం కూర్చుని రాస్తున్నాను. ఇక్కడికి వస్తూ, దారి కాకపోయినా స్టేషన్ వైపు నుంచి వచ్చాను. జనగామ వైపు పోయే బండి ఒకటి ఆగి ఉంది. మీరు అందులో లేరని తెలుసు. అయినా కదిలేదాకా నిలబడ్డాను.

కళ్లద్దాల పవరు మార్పించుకోండి. సిగ్నల్ తిప్పి పెట్టారంటే చూపు ఆనడం లేదని అర్థం.

మీ
వినీత

జనగామ,
సోమవారం, 3 మార్చి 2025

వినీత బిడ్డకు,

ఈ ఉత్తరం స్పీడుపోస్టులో వేస్తున్నాను. శుక్రవారంలోగా నీకు అందాలి.

మొన్న శనివారం నా వెంట రవితేజ వచ్చాడు. మోకాలితో ఒక్కడినే బండెక్కుతున్నానని సంగీతే పంపింది. లక్ష్మీకాంత్ వాణ్ని చూసి కంగారు పడి, చాయ తెస్తానని బయటికి పోయాడు.

పైకి ఎక్కాక వాడు బల్ల చుట్టూ తిరిగి చూశాడు. ఆరేళ్లు అది మన ఇంట్లోనే ఉన్నా ఏనాడూ దగ్గరికి వచ్చి చూసినవాడు కాదు. నేను బండి నడిపాను. జనగామలో బయల్దేరి మానుకోటలో ఆగింది. నువ్వు పోయిన నెల ప్లాట్‌ఫాం మీద పెట్టిన బెంచీల దగ్గర వాడు వంగి, చాలాసేపు చూశాడు.

"ఆమె ఎట్లున్నది నాయినా?" అని అడిగాడు.

"నాకేం తెలుస్తది? నేను చూడలే గదా" అన్నాను.

కోపంతో అనలేదు, ఉన్నమాటే అన్నాను. వాడు కిటికీ దగ్గరికి పోయి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. "నేను గంత దూరం ఆలోచించలే. సంగీత గూడ అడిగింది, మామ ప్రతి శనివారం ఆడికెందుకు పోతడని. చెప్పిన. గట్లెందుకు మాట తీస్కున్నవ్ అన్నది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "రెండో ఆదివారం పో నాయినా. పోయి చూడు" అన్నాడు. ఇద్దరం చాయ తాగాం.

ఇంటికి వచ్చి మీ అత్తకు చెప్పాను, ఆదివారం మానుకోట పోతున్నానని, నిన్ను కలుస్తానని. ఆమె బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "గా పిల్ల నాకు కోపం అని రాసింది. నువ్వు కాదని ఎందుకు రాయలే?" అంది.

నీ ఉత్తరాలన్నీ నా పనిముట్ల డబ్బాలో దాచాను. నేను స్టేషన్‌కు పోయినప్పుడల్లా తీసి చదువుతోందట. ఒక్కొక్కటీ రెండు మూడు సార్లు.

"నాకేం కోపం? పేరెత్తితే ఏడుపొస్తది, గందుకు ఎత్తలే. గా రోజు గడప దాటి వస్తే దాని చెయ్యి విడిచిపెట్టకపోదును. పెద్దమనుషుల ముందట పరువు పోతదని లోపల్నే కూసున్న" అంది. చేటను పక్కన పెట్టింది. అప్పుడు, "గా రైలు బొమ్మలు నాకేం సమజ్ గావు. మీ పని మీరు చేస్కోండ్రి. నేను ఒక పక్కకు కూసుంట" అంది.

ఇప్పుడే స్టేషన్‌కు పోయి వచ్చాను. తొమ్మిదో తారీకు పొద్దుటి బండికి రెండు టికెట్లు తీసుకున్నాను.

మామయ్య